అన్న మాట, విన్న మాట





దివ్య ఖుర్ఆన్ 49వ సూరా ‘అల్ హుజురాత్’ 6వ ఆయతులో అల్లాహ్ విశ్వాసులకు ఒక ఆజ్ఞ ఇచ్చాడు. నమ్మదగని వ్యక్తి ఏదైనా వార్త తీసుకువస్తే, దాన్ని బట్టి చర్యకు దిగేముందు నిజానిజాలు విచారించుకోవాలని దాని భావం. తెలియక ఒక సమూహానికి హాని కలిగించి, పిదప చేసినదానికి చింతించే దుస్థితి రాకూడదన్నది అందులోని హెచ్చరిక. ఈ విచారణకు అరబీలో ‘తబయ్యున్’ అని పేరు.

ఈ ఆయతు అవతరించిన నేపథ్యంగా పలువురు ముఫస్సిర్లు ఒక సంఘటనను పేర్కొన్నారు. బనూ ముస్తలిక్ తెగవారు ఇస్లాం స్వీకరించిన పిదప, వారి నుండి జకాత్ సేకరించి తీసుకురమ్మని దైవప్రవక్త (స) ఒక వ్యక్తిని పంపించారు. ఆయన పేరు గ్రంథాలలో ఉన్నది. ఇక్కడ మనకు పేరుతో పని లేదు. ప్రవక్త ప్రతినిధి వస్తున్నాడని తెలిసి ఆ తెగవారు సంతోషంతో ఊరు దాటి ఎదురేగారు. ఆయన ఆ గుంపును దూరం నుండి చూశారు. అజ్ఞాన కాలంలో ఆయనకూ ఆ తెగకూ మధ్య పాత వైరం ఒకటి ఉండేది. తనను చంపడానికే వస్తున్నారని భావించి, వారిని చేరకుండానే ఆయన వెనుదిరిగారు. వారు జకాత్ ఇవ్వమన్నారని, తన ప్రాణం తీయబోయారని మదీనాలో చెప్పారు. యుద్ధం దాకా పోవలసిన మాట అది. తరువాత ఆ తెగవారే వచ్చి, మేము ఆయన్ను చూడనైనా లేదు, ఆయన మా వద్దకు రానేలేదు అని విన్నవించుకున్నారు.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటున్నది. ఆయన కన్నులు అబద్ధం చెప్పలేదు. గుంపు నిజంగానే వచ్చింది, ఆయన వైపే వచ్చింది. ఆ రాకకు అర్థం చెప్పింది మాత్రం కన్నులు కాదు, పాత వైరం. స్వాగతమూ దాడీ దూరం నుండి ఒకే తీరుగా కనిపిస్తాయి. ఏది ఏదో నిర్ణయించేది మనసులో అంతకుముందే కూర్చున్న అభిప్రాయం. దీనినే మన పెద్దలు ‘జన్న్’ అన్నారు. అదే సూరా 12వ ఆయతులో, అనుమానాలలో అధికభాగం నుండి దూరంగా ఉండాలని, కొన్ని అనుమానాలు సాక్షాత్తూ పాపాలని అల్లాహ్ తెలియజేశాడు. పరోక్షనింద, గూఢచర్యం అన్న రెండు దురాచారాలను అనుమానం తరువాతే ప్రస్తావించడం ఆలోచించదగినది. మొదట అనుమానం, దానికి సాక్ష్యం వెదకడానికి గూఢచర్యం, దొరికినదాన్ని పంచుకోవడానికి పరోక్షనింద – రోగం ముదిరే క్రమం ఇదే.

సోదరులారా! ఇది అరబ్బు ఎడారికే పరిమితమైన గాథ అనుకోకండి. మనం నిత్యం తిరిగే ఆబిడ్స్, నాంపల్లి వీధుల పేర్లలోనే దీనికి నిదర్శనమున్నది. ‘ఆబిద్’ అంటే అరబీలో ఆరాధకుడు. కనుక ఆబిడ్స్ అనగానే ఎవరో భక్తుడైన ముస్లిం పెద్దమనిషి పేరు మీద వెలసిన ప్రాంతమని చాలామంది భావిస్తారు. వాస్తవానికి ఆ పేరు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఉండిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియా వంశీయునిది. ఆయన ఇక్కడ నడిపిన దుకాణం పేరే చౌరస్తాకూ, ఆపై పేటకూ స్థిరపడింది. ఇక నాంపల్లి పేరు 17వ శతాబ్దపు కుతుబ్‌షాహీ సేనాని నేక్‌నామ్ ఖాన్ బిరుదు నుండి వచ్చిందని చెబుతారు. ‘నేక్ నామ్’ అన్న ఫారసీ మాటకు మంచి పేరు గలవాడని అర్థం. ‘పల్లి’ మన అచ్చ తెలుగు మాట. ఒక పేరును విని మతాన్ని ఊహిస్తే పొరపాటు, మరొక పేరును విని భాషను ఊహిస్తే సగమే నిజం. వీధి పేరు విషయంలో పొరబడితే ఎవరికీ నష్టం లేదు. మనిషి విషయంలో అలా కాదు.

రెండు భాషల నడుమ బ్రతికే నగరం మనది. మాట ఒకటే అయినా చెవి మారితే అర్థం ఎలా తలక్రిందులవుతుందో మనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. తెలుగువారికి ‘గాలి’ ప్రాణవాయువు. ఉర్దూలో ‘గాలీ’ తిట్టు. తెలుగింటి గుమ్మంలో నిలబడి గృహస్థు అతిథిని ‘రండి’ అని ఎంతో మర్యాదగా ఆహ్వానిస్తాడు. ఆ మాటే ఉర్దూ మాత్రమే తెలిసిన చెవికి ఎలా వినిపిస్తుందో మింబరుకు సమీపంలో చెప్పదగిన విషయం కాదు. ఉత్తరాది నుండి క్రొత్తగా వచ్చినవారు ఆ పిలుపుకు ఉలిక్కిపడడం ఈ నగరంలో తరచుగా చెప్పుకొనేదే. పిలిచినవాడి హృదయంలో గౌరవం, విన్నవాడి హృదయంలో అవమానం; మధ్యలో ఉన్నది ఒకే ఒక్క మాట.

‘నీవు’, ‘మీరు’ విషయం ఇంకా సున్నితమైనది. తెలంగాణ పల్లెల్లో చిన్నవారు పెద్దవారిని ‘నువ్వు’ అని పిలవడం సహజం. అందులో అగౌరవం లేదు, చనువున్నది. అదే మాట కోస్తా జిల్లాల నుండి వచ్చినవారి చెవికి మోటుగా తోస్తుంది. లక్నో ఉర్దూకు అలవాటుపడిన చెవికి మన దక్కనీ ‘నక్కో’, ‘హౌ’, ‘కైకూ’ కూడా అలాగే తోస్తాయి. మర్యాద అన్నది మాటలోనే ఉన్నదని భావించేవారు ఒక్క సంగతి జ్ఞాపకం చేసుకోవాలి. అరబీలో పెద్దకూ చిన్నకూ ‘అంత’ అన్న ఒకే ఏకవచన సంబోధన. సహాబాలు ప్రవక్త (స) వారిని అలాగే సంబోధించారు. మనం ఉర్దూలో దుఆ చేసేటప్పుడు ‘తూ’ అంటాము, తెలుగులో ‘నీవు’ అంటాము. సృష్టికర్తను వేడుకొనే మాట పల్లె బాలుని నోట వినబడినంత మాత్రాన అతణ్ణి అనాగరికుడని ఎలా తీర్మానిస్తాము?

వాస్తవానికి ఈ రెండు భాషలూ మనం అనుకున్నంత పరాయివి కావు. ప్రామాణిక ఉర్దూలో ‘పర్‌సోం’ అంటే సరిగ్గా మొన్న లేదా ఎల్లుండి. హైదరాబాదీ మాత్రం ఏడాది క్రితం జరిగినదాన్ని కూడా ‘పర్‌సోం’ అనే చెబుతాడు. ఉత్తరాదివారు దీన్ని చూసి నవ్వుతారు. కాని తెలుగువాడు నవ్వడు, ఎందుకంటే అతని ‘మొన్న’ కూడా అంతే విశాలమైనది. ‘వస్తానని చెప్పాడు’ అన్నప్పుడు తెలుగులో ‘అని’ చేసే పనినే దక్కనీలో ‘బోల్‌కే’ చేస్తుంది. నాలుగు శతాబ్దాలకు పైగా ప్రక్క ప్రక్క ఇళ్లలో బ్రతికినవారి భాషలు ఒకదానినుండి ఒకటి ఆలోచించే తీరును కూడా నేర్చుకున్నాయి. మనుషులే ఇంకా నేర్చుకోవలసి ఉన్నది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆబిడ్స్‌కు నడక దూరంలోనే ఉన్న వివేకవర్ధిని ప్రాంగణంలో 1921 నవంబరులో నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ సభలు జరిగాయి. స్త్రీ విద్యకు జీవితాన్ని అర్పించిన ధోండో కేశవ్ కర్వే పండితులు ఆ సభలకు అధ్యక్షులు. సభలో ఉపన్యాసాలు ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో సాగాయి, శ్రోతలు శ్రద్ధగా విన్నారు. అనంతరం ఆలంపల్లి వేంకటరామారావు అనే న్యాయవాది లేచి తెలుగులో ప్రసంగం ఆరంభించారు. వెంటనే సభలో చప్పట్లు, గోల, పరిహాసం చెలరేగాయి. ఆయన మాట్లాడలేకపోయారు. నిజాం రాష్ట్ర జనాభాలో తెలుగు మాట్లాడేవారే అత్యధికులు. అయినా రాజధానిలో ఆ భాష సభకు తగనిదన్న అభిప్రాయం అప్పటికే బలంగా నాటుకొని ఉండినది. ఆయన ఏమి చెప్పదలచుకున్నారో వినకముందే ఆయన మాట విలువ నిర్ణయమైపోయింది.

అక్కడ గోల చేసినవారు దుర్మార్గులని నేను అనను. వారు సంఘాన్ని సంస్కరించడానికి కూడిన విద్యావంతులు. మనం భయపడవలసింది సరిగ్గా ఈ విషయానికే. మంచి ఉద్దేశంతో కూడిన సభకు సైతం చెవి మూసుకుపోవచ్చు.

ఆ రాత్రే కొద్దిమంది తెలుగువారు టేకుమాల రంగారావు గారి ఇంట సమావేశమై ఆంధ్ర జనసంఘాన్ని స్థాపించుకున్నారు. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు వంటివారు అందులో ఉన్నారు. గ్రంథాలయాలు, పాఠశాలలు, పత్రికలు ఆ ఉద్యమం నుండి వికసించాయి. తరువాతి దశకంలో ఇటువంటిదే మరొకటి జరిగింది. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న వ్యాఖ్య ఒకటి వెలువడగా, గోలకొండ పత్రిక సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డి కోపంతో జవాబు వ్రాయలేదు. ఊరూరా విచారించి 354 మంది కవుల రచనలను సేకరించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’గా ప్రకటించారు. ఆయన ముస్లిం కాదు, ఆ పని చేసేటప్పుడు ఏ ఆయతూ ఆయన మనసులో ఉండి ఉండకపోవచ్చు. కాని ఒక వదంతిని విచారణతో ఎదుర్కొనడం ఎలాగో తెలుసుకోదలచినవారికి అంతకన్న చక్కని తబయ్యున్ మన నగర చరిత్రలో నాకు కనిపించలేదు.

సోదరులారా! తొంభై, నూరు సంవత్సరాల నాటి ఈ సంగతులు జుమా ప్రసంగంలో ఎందుకని మీరు అడగవచ్చు. కారణం మన పంక్తులలోనే ఉన్నది. నాంపల్లి స్టేషనులో దిగి బ్రతుకుతెరువుకు వచ్చే యువకులలో నల్లగొండ, ఖమ్మం, ప్రకాశం, కర్నూలు జిల్లాల ముస్లింలు ఉంటారు. వారిలో అనేకులకు, విశేషించి దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలవారికి, తల్లి భాష తెలుగే. ఉర్దూ బయాన్‌లో వారికి అందేది కొంతే. ఇటీవల ఒక జుమా నాడు అటువంటి యువకుడొకడు మస్జిదు ద్వారం వద్ద ఒక పెద్దాయనను, ‘అయ్యా, నీళ్లు ఎటున్నాయి?’ అని అడిగాడు. పెద్దాయన ఎంతో దయతో గేటు ప్రక్కనున్న మంచినీళ్ల కుండీని చూపించి, ‘పీలో బేటా’ అన్నారు. దారిన పోతూ దాహంతో వచ్చిన హిందూ బాలుడని ఆయన తలంపు. ఆ పిల్లవాడు మారు మాట్లాడక, గ్లాసుతో ఆ మంచినీళ్లే తీసుకొని, గేటు ప్రక్కన కూర్చొని వుజూ చేసుకున్నాడు. చూసినవారు నాకు చెప్పారు.

ఆ పెద్దాయనలో ద్వేషం లేదు. దాహం తీర్చడం పుణ్యకార్యమే. అయితే తెలుగు విన్న క్షణమే ఎదుటివాడు ‘మనవాడు కాడు’ అని ఆయన మనసు తీర్పు చెప్పింది. ముస్లిం అంటే ఉర్దూ, తెలుగు అంటే పరాయి అన్న లెక్క మనలో ఎవరు నాటారు? 14వ సూరా ‘ఇబ్రాహీం’ 4వ ఆయతు ప్రకారం ప్రతి ప్రవక్తా తన జాతి ప్రజల భాషలోనే పంపబడ్డాడు. 30వ సూరా ‘అర్రూమ్’ 22వ ఆయతు భాషల వైవిధ్యాన్ని భూమ్యాకాశాల సృష్టితో పాటు దైవసూచనగా పేర్కొన్నది. దైవసూచన అని చెప్పబడినదాన్ని మనం పరాయితనానికి గుర్తుగా ఎలా మార్చుకున్నాము? పిఠాపురపు ఉమర్ ఆలీషా కవి తెలుగులో అవధానాలు చేశారు, ఉమర్ ఖయ్యామ్ రుబాయీలను ఫారసీ నుండి తెలుగు చేశారు. అచ్చతెలుగులో వెలసిన తొలి కావ్యంగా పేరొందిన పొన్నికంటి తెలగన ‘యయాతి చరిత్రము’ అంకితం పొందినది కుతుబ్‌షాహీల కాలపు అమీన్ ఖాన్. దివ్య ఖుర్ఆన్‌ను మొట్టమొదట తెలుగులోకి అనువదించినవారు చిలుకూరి నారాయణరావు అనే హిందూ పండితులు. ఇవన్నీ తెలిసినవారు తెలుగు విని ‘ఇతడు ఎవరో’ అనుకోరు.

న్యాయంగా చెప్పాలంటే అద్దానికి రెండవ వైపూ ఉన్నది. గడ్డం, టోపీతో నేను ఆబిడ్స్‌లో ఏ దుకాణానికి వెళ్లి తెలుగులో ధర అడిగినా, జవాబు తరచుగా హిందీలోనే వస్తుంది. తెలుగులో రెండవసారి అడుగుతాను, మళ్లీ హిందీలోనే చెబుతారు. చెవి తెలుగు వింటున్నది, కన్ను మాత్రం దానిని నమ్మనివ్వడం లేదు. ఇందులో నాకు కోపం లేదు. మూడవసారి అడిగేసరికి దుకాణదారు నవ్వేస్తాడు, నేనూ నవ్వుతాను, సంభాషణ సుఖంగా సాగుతుంది. అక్కడ మమ్మల్ని కలిపింది బేరం. మన ఎగ్జిబిషన్ మైదానంలో ప్రతి జనవరిలో జరిగే నుమాయిష్‌లోనూ ఇదే కనిపిస్తుంది. 1938లో మొదలైన ఆ ప్రదర్శనలో కశ్మీరు శాలువల వర్తకుడు, తెలుగు గృహిణి వ్రేళ్లు చూపుకుంటూ బేరం కుదుర్చుకుంటారు. భాష చాలదు, అయినా అపార్థం రాదు. ఎదుటివాడు ఏమి చెప్పదలచాడో తెలుసుకోవాలన్న ఆసక్తి ఇద్దరిలోనూ ఉన్నది గనుక. ఒకే ఇంట ఒకే భాష మాట్లాడే అత్తాకోడళ్ల మధ్య ఆ ఆసక్తి కరువైతే పదకోశాలన్నీ కలిసినా ఉపయోగం లేదు.

బాధ్యత అంతా వినేవాడిదేనా? కాదు. షరీఅత్ ఇక్కడ ఎంత సమతూకం పాటించిందో చూడండి. సహాబాలు ప్రవక్త (స) వారి సన్నిధిలో, మా వైపు దృష్టి సారించండి అనే భావంతో ‘రాఇనా’ అనేవారు. కొందరు విరోధులు నాలుక త్రిప్పి ఆ మాటనే అవమానకరంగా పలకసాగారు. విశ్వాసుల మనసు నిర్మలమే, మాట నిర్దోషమే. అయినా ‘అల్ బఖరా’ 104వ ఆయతులో ఆ మాటను విడిచి, ‘ఉన్‌జుర్నా’ అనవలసిందిగా అల్లాహ్ వారిని ఆదేశించాడు. నా ఉద్దేశం మంచిది, నీకు తప్పుగా వినిపిస్తే నేనేమి చేయను అన్న వాదనకు ఇక్కడ చోటు లేదు.

బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని ఒక హదీసు కూడా ఈ సందర్భంలో చూడదగినది. ప్రవక్త (స) ఎతెకాఫ్‌లో ఉండగా ఒక రాత్రి విశ్వాసుల మాత సఫియ్యా (రజి) ఆయనను చూడవచ్చారు. ఆమెను సాగనంపడానికి ఆయన వెంట నడిచారు. అటుగా వెళ్తున్న ఇద్దరు అన్సారీలు వారిని చూసి నడక వేగం పెంచారు. ప్రవక్త (స) వారిని ఆగమని చెప్పి, ఈమె సఫియ్యా అని స్వయంగా తెలియజేశారు. తమను అనుమానిస్తామా అన్నట్లు వారు విస్తుపోయారు. షైతాను మానవునిలో రక్తం వలె ప్రవహిస్తాడని, వారి మనసులో ఏదైనా దురూహ వేస్తాడేమోనని తాను భయపడ్డానని ఆయన వివరించారు. ఆయన కంటె నిష్కళంకులు ఎవరు? అటువంటివారే ఎదుటివాడి మనసులో అనుమానానికి సందు దొరకకుండా రెండు మాటలు చెప్పారు. ‘నేనెందుకు సంజాయిషీ ఇవ్వాలి’ అనలేదు. ఈ రోజుల్లో ఫోనులో వచ్చిన నాలుగు ముక్కల సందేశం చదివి, స్వరం వినకుండా, ముఖం చూడకుండా అన్నదమ్ములు విడిపోతున్నారు. ఒక్కసారి ఫోను చేసి, ‘నీ మాటకు నాకు ఇలా అర్థమైంది, నీ ఉద్దేశం ఇదేనా?’ అని అడగడానికి అహం అడ్డు వస్తున్నది. సందేశం పంపినవాడికీ, ‘నేను అన్నది అది కాదు’ అని చెప్పడం చిన్నతనంగా తోస్తున్నది.

ప్రతి జుమా నాడు మీరు పఠించే సూరా కహఫ్‌లో మూసా (అలైహిస్సలాం) వంటి మహా ప్రవక్త సైతం పేదల పడవకు రంధ్రం చేయబడడం చూసి ఆక్షేపించారు. ఆ పడవను అన్యాయంగా లాగుకొనే రాజు ముందున్నాడన్న సంగతి ఆయనకు అప్పుడు తెలియదు. కనిపించే పని వెనుక కనిపించని కారణం ఉండవచ్చని వారం వారం మన నోటితోనే చదువుతున్నాము.

ఇక మన మస్జిదు విషయం. వుజూఖానాకు దారి చూపే పలక ఇంతవరకు ఉర్దూలోనే ఉండినది. దాని క్రింద ఇప్పుడు తెలుగులోనూ వ్రాయించాము. వచ్చే జుమా నుండి ఉర్దూ బయాన్‌కు ముందు పది నిమిషాలు తెలుగులో ప్రసంగం ఉంటుంది. దానిని ముద్రించిన ప్రతులు ద్వారం వద్ద లభిస్తాయి. తెలుగు రానివారు కూడా ఆ పది నిమిషాలు మాటలాడుకోకుండా, లేచి వెళ్లకుండా తమ తమ పంక్తులలో కూర్చొనవలసిందిగా కోరుతున్నాను.